గోల్ఫ్ స్వింగ్‌లో మణికట్టును ఎలా సరిచేసుకోవాలి: బిగబట్టే ముందు ఏ తప్పో కనిపెట్టండి

"మణికట్టు మరీ ఎక్కువ ఆడుతోంది, ఎలా ఆపాలి?" అని అడిగేవాళ్లు ఎంతకీ తగ్గడం లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా ఒకచోట రాసేస్తున్నాను. ముందే ఒక మాట. ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. మణికట్టు ఆడటం తప్పు కాదు, ఆడకపోతే బంతి దూరం పోదు. ఆడకూడని సమయంలో, ఆడకూడని వైపుకు ఆడటమే తప్పు. ఈ తేడా తెలియక నేను దాదాపు ఒక సీజన్ మొత్తం, ఒక కోచ్ అన్న "చేతులు కదపకు" అనే ముక్క ఒక్కటి పట్టుకుని, మణికట్టును కర్రలా బిగబట్టి ఆడాను. స్లైస్ (బంతి కుడికి మెలితిరిగి పోవడం) పోలేదు సరికదా, మోచేయి నొప్పి కూడా తోడైంది.

ఇంకో సంగతి తెలిస్తే మీ పని సగం తేలికవుతుంది. డౌన్‌స్వింగ్, అంటే క్లబ్‌ను పైనుంచి బంతి మీదకు దించడం, అంతా కలిపి పావు సెకను అటూ ఇటూ. అందులో బంతి క్లబ్‌ఫేస్‌ను (క్లబ్ తలలో బంతిని తాకే ముఖాన్ని) అంటుకుని ఉండేది సుమారు అర మిల్లీసెకను. ఆ కాస్తలో "ఇప్పుడు మణికట్టు ఇలా పెట్టాలి" అని ఆలోచించి పెట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి బంతి దగ్గర ఏం చేయాలో నేర్చుకోవడం కన్నా, బంతి దగ్గరికి రాకముందే అంతా సర్ది పెట్టుకోవడం నేర్చుకోవాలి. కింద రాసినవన్నీ దాని కోసమే.

కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.

ఒక్క నిమిషం థియరీ, అంతకు మించి లేదు

మణికట్టు దగ్గర మనకు పనికొచ్చే కదలికలు మూడు. మొదటిది, సుత్తి పట్టుకుని మేకు కొట్టేటప్పుడు బొటనవేలి వైపుకు పైకి లేచి కిందికి దిగే కదలిక. రెండోది ముందుకూ వెనక్కీ వంగడం: చేతి వెనకభాగం ముంజేయి వైపుకు వంగి వాచీ పెట్టుకునే చోట ముడతలు పడితే "వెనక్కి వంగింది" అంటాను, అరచేయి లోపలివైపుకు వంగితే "లోపలికి వంగింది" అంటాను. మూడోది తాళంచెవి తిప్పినట్టు తిరగడం. నిజానికి ఇది మణికట్టు పని కాదు, ముంజేయి పని, కానీ చూసేవాళ్లకు మణికట్టే తిరిగినట్టు కనిపిస్తుంది.

మొదటి కదలిక వేగాన్ని ఇస్తుంది. రెండోదీ మూడోదీ క్లబ్‌ఫేస్ ఎటు చూస్తుందో తేలుస్తాయి. బంతి ఏ దిశలో బయల్దేరుతుందన్నది ఎక్కువగా ఫేస్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, స్లైసూ హుకూ (బంతి ఎడమకు మెలితిరగడం) ఉన్నవాళ్లు రెండో కదలికను ముందు పట్టించుకోవాలి.

కావలసినవి

- ఒక 7 లేదా 8 నంబర్ ఐరన్. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) బ్యాగ్‌లోనే ఉండనివ్వండి, దాని సంగతి చివర్లో.
- స్లో మోషన్ వీడియో తీయగలిగే ఫోన్, దాన్ని నిలబెట్టడానికి స్టాండ్ లాంటిది ఏదైనా.
- వాచీ స్ట్రాప్ లేదా మణికట్టుకు పెట్టుకునే ఎలాస్టిక్ బ్యాండు, దాని కింద దూర్చడానికి ఒక ప్లాస్టిక్ దువ్వెన లేదా పొట్టి ప్లాస్టిక్ స్కేలు. ఇనుప స్కేలు వద్దు, గుచ్చుకుంటుంది.
- ఒక టవల్.
- ఒక అలైన్‌మెంట్ స్టిక్, అంటే దిశ సరిచూసుకోవడానికి వాడే పొడవాటి సన్నటి కర్ర. లేకపోతే అలాంటి ఏ సన్నటి, నున్నటి, చివర మొద్దుగా ఉన్న కర్రయినా సరే.
- పాత బట్టలు కుక్కిన గట్టి సంచి. అమ్మే ఇంపాక్ట్ బ్యాగ్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.
- వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి.

1. ముందు మీ తప్పు ఏదో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా డ్రిల్స్‌కు వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. రోగం ఒకటి, మందు ఒకటి అయితే ఎంత సాధన చేసినా దండగే. పైగా ఒక తప్పుకు మందు ఇంకో తప్పుకు విషం కావచ్చు. హుక్ పడేవాళ్లు స్లైస్ డ్రిల్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫోన్‌ను రెండు చోట్ల పెట్టి తీయండి. ఒకసారి మీ ఎదురుగా, ఛాతీ ఎత్తులో. ఇంకోసారి మీ వెనక, లక్ష్యం వైపు చూస్తూ, మీ చేతులకు సరిగ్గా తిన్నగా, నడుము ఎత్తులో. ఫోన్ ఒక అడుగు పక్కకు జరిగినా వీడియోలో అంతా వేరేలా కనిపిస్తుంది, అందుకే నిలబెట్టిన చోట గుర్తు పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. కనీసం పది షాట్లు తీయండి. ఒక హెచ్చరిక: ఫోన్ కెమెరాల్లో క్లబ్ షాఫ్ట్ (పొడవాటి కడ్డీ భాగం) ఒక్కోసారి విల్లులా వంగినట్టు కనిపిస్తుంది. అది కెమెరా ఫ్రేమును వరుసలు వరుసలుగా చదవడం వల్ల వచ్చే భ్రమ, మీ స్వింగ్ తప్పు కాదు.

ఇప్పుడు వీటిలో మీది ఏదో చూడండి.

*గేలం విసరడం.* దీన్నే కాస్టింగ్ అంటారు. డౌన్‌స్వింగ్ మొదలవుతూనే, చేతులు ఇంకా భుజం దగ్గర ఉండగానే, గేలం విసిరినట్టు మణికట్టు విప్పేయడం. ఎదురుగా తీసిన వీడియోలో ఎడమ చేయి నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు ఆపి చూడండి. బ్యాక్‌స్వింగ్‌లో (క్లబ్‌ను వెనక్కి పైకి ఎత్తేటప్పుడు) అదే చోట చేతికీ షాఫ్ట్‌కూ మధ్య ఉన్న కోణం కన్నా ఇప్పటి కోణం బాగా విచ్చుకుని ఉంటే ఇదే మీ జబ్బు. బంతి వెనకే నేల తవ్వడం, షాట్లు ఎత్తుగా లేచి బలం లేకుండా పడటం, 7 ఐరన్‌కూ 9 ఐరన్‌కూ దూరంలో పెద్ద తేడా లేకపోవడం దీని లక్షణాలు.

*గరిటెతో తోడటం.* దీన్ని ఫ్లిప్ అంటారు. బంతిని తాకే సమయానికి చేతులు ఆగిపోయి, క్లబ్‌హెడ్ వాటిని దాటి ముందుకు దూసుకెళ్లడం. ఎడమ మణికట్టు వెనక్కి వంగిపోతుంది. బంతి దాటిన తర్వాత ఎడమ మోచేయి కోడి రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది. ఒక షాట్ ఫ్యాట్ (బంతి వెనక నేల తగలడం), తర్వాతది థిన్ (బంతి నడుముకు క్లబ్ అంచు తగలడం), ఇలా దొర్లుతుంటే ముందు దీన్నే అనుమానించండి.

*పైన కప్పులా వంగడం.* బ్యాక్‌స్వింగ్ పైకొసలో ఎడమ మణికట్టు బాగా వెనక్కి వంగి ముడతలు పడుతుంది. ఫేస్ తెరుచుకుంటుంది, బంతి కుడివైపుకు తిరుగుతుంది.

*మరీ లోపలికి వంగడం, లేదా మరీ తిప్పేయడం.* ఫేస్ మూసుకుపోతుంది, బంతి తక్కువ ఎత్తులో ఎడమకు మెలి తిరుగుతుంది.

ఒక్కొక్కరికి రెండు ఉండొచ్చు. పైన కప్పులా వంగినవాళ్లు, తెరుచుకున్న ఫేస్‌ను బంతి దగ్గర ఎలాగైనా మూయాలని శరీరమే తనకు తాను ఫ్లిప్ నేర్చుకోవడం చాలా మామూలు. అలాంటప్పుడు పైకొసలో ఉన్నదే అసలు తప్పు, ఫ్లిప్ దాని పిల్ల. పైది సరిచేస్తే కిందిది సగం దానంతటదే తగ్గుతుంది.

2. గ్రిప్ చూసుకోండి

మణికట్టు తప్పుల్లో చాలావాటికి వేరు గ్రిప్‌లో, అంటే క్లబ్ పట్టుకునే తీరులో, ఉంటుంది. ఈ మెట్టు బోర్ కొట్టిస్తుందని తెలుసు, అయినా ఆగండి.

క్లబ్ ఎడమ అరచేతిలో కాదు, వేళ్లలో కూర్చోవాలి. చిటికెన వేలి మొదలు నుంచి చూపుడు వేలి మధ్య కణుపు దాకా ఏటవాలుగా పరవండి. అరచేతి మడమ, అంటే చిటికెన వేలి కింద ఉండే మెత్తటి దిండు, క్లబ్ పిడి పైన కూర్చోవాలి. బొటనవేలు షాఫ్ట్ నడిమధ్యలో కాక కాస్త కుడివైపుకు. ఇప్పుడు కిందికి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు, మహా అయితే మూడు కనిపించాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూడాలి.

పరీక్ష: మిగతా వేళ్లు విప్పేసి, ఎడమ చూపుడు వేలి కొక్కెం మీదా అరచేతి మడమ కిందా మాత్రమే ఆనించి క్లబ్ ఎత్తి పట్టుకోండి. నిలబడితే క్లబ్ వేళ్లలో ఉన్నట్టే. జారిపోతే అరచేతిలో ఉంది. ఇంకో ఆనవాలు మీ గ్లవ్. అరచేతి మడమ దగ్గర చిల్లు పడుతోందంటే క్లబ్ అక్కడ జారుతూ రాసుకుంటోందన్నమాట.

పట్టు ఎంత గట్టిగా? మీ శక్తినంతా పెట్టి నలిపితే పది అనుకుంటే, నాలుగు దగ్గర ఉండండి. తడిబట్ట పిండేంత గట్టిగా పట్టుకుంటే ముంజేయి కండరాలన్నీ బిగుసుకుని మణికట్టు తాళం వేసినట్టు అయిపోతుంది. అప్పుడు కోణం ఏర్పడదు, ఏర్పడినా సరైన చోట విడవదు.

గ్రిప్ మార్చిన మొదటి వారం బంతి ఎటు పోతుందో పట్టించుకోకండి. చేతుల్లో ఎవరివో చేతులు అతికించినట్టు ఉంటుంది, ఉండాలి కూడా. రెండు రోజులు చూసి "నాకు పడలేదు" అని పాతదానికి పోయేవాళ్లను చాలామందిని చూశాను. టీవీ చూస్తూ ఖాళీగా కూర్చున్నప్పుడు క్లబ్ పట్టుకోవడం, విడవడం, మళ్లీ పట్టుకోవడం చేస్తూ ఉంటే త్వరగా అలవాటవుతుంది.

3. సుత్తి కదలిక: కోణం ఎలా ఏర్పడాలో ఒంటికి తెలియాలి

బంతి లేకుండా మామూలుగా నిలబడండి. భుజాలు తిప్పకుండా, చేతులు ఎత్తకుండా, ఒక్క మణికట్లతోనే క్లబ్‌ను మీ ఎదురుగా నేలకు సమాంతరంగా వచ్చేదాకా లేపండి. ఫేస్ ఎటూ మెలితిరగకూడదు. ఇప్పుడు ఆ కోణాన్ని అలాగే ఉంచి భుజాలు తిప్పి, చేతులు కాస్త ఎత్తండి. మీరు చేరిన చోటే మీ బ్యాక్‌స్వింగ్ పైకొస. "ఇంత చిన్నదా?" అనిపిస్తుంది. అంతే.

ఇలా పది సార్లు. తర్వాత నెమ్మదిగా మామూలు బ్యాక్‌స్వింగ్ చేసి, ఎడమ చేయి నేలకు సమాంతరంగా వచ్చిన చోట ఆగి చూడండి: చేయీ షాఫ్టూ కలిసి ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. కీళ్లు బిగుసుకున్న వాళ్లకు, వయసు పైబడిన వాళ్లకు అంత రాకపోవచ్చు. రాకపోతే బలవంతంగా వంచకండి, వచ్చినంతే చాలు.

4. దువ్వెన డ్రిల్: పైన కప్పులా వంగేవాళ్లకు

స్లైస్ ఉన్నవాళ్లు ఎక్కువ సమయం ఇక్కడే గడపాలి.

ఎడమ చేతి వాచీ స్ట్రాప్ కింద దువ్వెనను దూర్చండి. సగం ముంజేయి మీద, సగం చేతి వెనకభాగం మీద ఆనేలా. నిలబడినప్పుడు మణికట్టు కొద్దిగా వెనక్కి వంగి ఉండటం సహజం, కాబట్టి దువ్వెన అప్పుడు కాస్త ఒత్తుకుంటుంది, కంగారు పడకండి. పైకి వెళ్లేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గాలి. పైకొసలో దువ్వెన చేతి వెనకభాగం మీద మెత్తగా ఆని ఉండాలి. గుచ్చుకుంటే మీరింకా వెనక్కి వంగుతున్నారు. పూర్తిగా దూరం జరిగిపోతే మరీ లోపలికి వంగారు.

బంతి లేకుండా ఇరవై, నెమ్మదిగా. తర్వాత సగం స్వింగ్‌తో బంతులు పది. పూర్తి వేగంతో దువ్వెన పెట్టుకుని కొట్టవద్దు.

ఎడమ చేయి గురించి ఎంత ఆలోచించినా అంతు చిక్కని వాళ్లు కుడి చేయి గురించి ఆలోచించండి. ఎడమ మణికట్టు తిన్నగా ఉందంటే కుడిది వెనక్కి వంగి ఉంటుంది, పళ్లెం మోస్తున్నట్టు. కొంతమందికి ఈ ఒక్క బొమ్మ మనసులో ఉంటే చాలు, మిగతాదంతా కుదిరిపోతుంది.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే ప్రశ్న: "డస్టిన్ జాన్సన్ మణికట్టు పైకొసలో అంతగా లోపలికి వంగుతుంది కదా, నేనూ అలాగే చేయనా?" ఆ అమెరికన్ ప్రొఫెషనల్ అలాగే 2016 యూఎస్ ఓపెన్, 2020 మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్లు గెలిచాడు, నిజమే. కానీ హుక్‌తో సతమతమైన పాతతరం ఛాంపియన్ బెన్ హోగన్ దానికి సరిగ్గా ఉల్టా చేశాడు. పైకొసలో ఎడమ మణికట్టును కొద్దిగా వెనక్కి వంచడం తన రహస్యంలో భాగమని 1955లో లైఫ్ పత్రికలో చెప్పాడు. ఇద్దరూ మహానుభావులే. ఒకరిది చూసి ఇంకొకరు కాపీ కొడితే మాత్రం కుదరదు, ఎందుకంటే మణికట్టు వంపు గ్రిప్‌తోనూ, నడుము ఎంత వేగంగా తిరుగుతుందన్నదానితోనూ ముడిపడి ఉంటుంది. మూడు మెటికలు కనిపించే గ్రిప్ ఉన్నవాళ్లకు పైన కాస్త వెనక్కి వంగినా ఫేస్ సరిగ్గానే ఉంటుంది. ఒకటే మెటిక కనిపించేవాళ్లకు అదే వంపు స్లైస్ తెస్తుంది.

అందుకే మణికట్టును కాక ఫేస్‌ను చూసి తీర్పు చెప్పండి. వెనక నుంచి తీసిన వీడియోను పైకొసలో ఆపండి. ఫేస్ ఎడమ ముంజేయికి ఇంచుమించు సమాంతరంగా ఉంటే బాగుంది. టో (క్లబ్‌హెడ్ బయటి కొస) నేరుగా నేలకు వేలాడుతుంటే తెరుచుకుంది. ఫేస్ పూర్తిగా ఆకాశాన్ని చూస్తుంటే మూసుకుంది.

5. గేలం విసిరేవాళ్లకు

మొదట శబ్దం పరీక్ష. క్లబ్‌ను తలకిందులుగా, హెడ్ దగ్గర షాఫ్ట్‌ను పట్టుకుని, గట్టిగా ఊపండి. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోండి. "స్స్‌వ్" అనే గాలి కోత ఎక్కడ వినిపిస్తోంది? బంతి ఉండాల్సిన చోట, లేదా దాన్ని దాటాక వినిపించాలి. కుడి భుజం పక్కనే వినిపించిందంటే వేగమంతా అక్కడే ఖర్చయిపోయింది. ఆ శబ్దాన్ని మెల్లగా ముందుకు జరపడమే మీ పని. కోణాలూ డిగ్రీలూ ఏమీ ఆలోచించక్కర్లేదు, చెవి నేర్పుతుంది. నాకు బాగా నచ్చిన డ్రిల్ ఇదే, ఖర్చు లేదు, కొద్దిపాటి జాగాలో కూడా చేయొచ్చు.

తర్వాత పంపు డ్రిల్. పైకొసకు వెళ్లి, ఎడమ పాదం మీదకు బరువు మారుస్తూ, మణికట్టు కోణం విప్పకుండా చేతులను నడుము దాకా దించండి. మళ్లీ పైకి. మళ్లీ నడుము దాకా. మూడోసారి ఆగకుండా కొట్టేయండి. ఐదారు బంతులు చాలు, ఎక్కువైతే యాంత్రికంగా మారిపోతుంది.

పెద్ద హెచ్చరిక ఇక్కడే. "ల్యాగ్ (మణికట్టు కోణం ఆలస్యంగా విప్పడం) పట్టి ఉంచాలి" అనే మాట విని, బంతి దాకా కోణాన్ని బిగబట్టి లాక్కొచ్చేవాళ్లున్నారు. అప్పుడు ఫేస్ తెరుచుకునే ఉండిపోతుంది, బంతి కుడికి తోసినట్టు పోతుంది, కొన్నిసార్లు హోసెల్‌కు (షాఫ్ట్ క్లబ్‌హెడ్‌లో దిగే మెడకు) తగిలి షాంక్ అవుతుంది. నేను ఇందులో పడి వరుసగా షాంక్‌లు కొట్టిన రోజు క్లబ్బులు అమ్మేద్దామనిపించింది. కోణం విడవాలి. భుజం దగ్గర కాకుండా, కుడి తొడ దాటుతూ విడవాలి. నడుము ముందు తిరగడం మొదలుపెడితే ఆ ఆలస్యం దానంతటదే వస్తుంది.

6. గరిటెతో తోడేవాళ్లకు

ఫ్లిప్‌కు కారణం చాలాసార్లు మణికట్టు కాదు. ఛాతీ తిరగడం ఆగిపోతుంది, చేతులకు ముందుకు వెళ్లే దారి ఉండదు, క్లబ్‌హెడ్ మాత్రం ఆగదు, మణికట్టు విరుచుకుపోతుంది. రెండో కారణం బంతిని గాల్లోకి లేపాలన్న ఆత్రం. లేపే పని లాఫ్ట్ (ఫేస్ ఏటవాలు) చూసుకుంటుంది, మీరు లేపక్కర్లేదు. ఐరన్‌తో కిందికి కొడితేనే బంతి పైకి లేస్తుంది. ఇది చెబితే అందరూ తలూపుతారు, బంతి ముందు నిలబడగానే మర్చిపోతారు.

(అ) సంచి. బట్టలు కుక్కిన సంచిని బంతి చోట పెట్టి, నడుము ఎత్తు నుంచి మెల్లగా తెచ్చి క్లబ్‌తో దాన్ని *తోయండి*, బాదకండి. ఆగిన చోట చూడండి: చేతులు క్లబ్‌హెడ్ కన్నా ముందు, ఎడమ మణికట్టు తిన్నగా, బరువు ఎక్కువ భాగం ఎడమ కాలి మీద, బెల్టు బకిల్ లక్ష్యం వైపు కొంత తిరిగి ఉండాలి. ఐదు సెకన్లు అలాగే ఉండండి. ఒంటికి ఆ ఆకారం గుర్తుండాలి.

(ఆ) కర్ర. అలైన్‌మెంట్ స్టిక్‌ను గ్రిప్‌తో కలిపి పట్టుకోండి, దాని పైభాగం మీ ఎడమ పక్కటెముకల పక్కనుంచి పైకి వచ్చేలా. చిన్న చిప్ (దగ్గరి నుంచి కొట్టే పొట్టి షాట్) అంత స్వింగ్ చేయండి. ఫ్లిప్ చేస్తే కర్ర పక్కటెముకలకు తగులుతుంది. చేయకపోతే తగలదు. తప్పును అక్కడికక్కడే చెప్పేసే పంతులు ఇది. చిన్న స్వింగ్‌లకే దీన్ని వాడండి, పూర్తి స్వింగ్‌కు వాడితే పక్కటెముకలు కమిలిపోతాయి.

(ఇ) టవల్. బంతి వెనక జానెడు దూరంలో మడతపెట్టిన టవల్ ఉంచి, టవల్‌ను తాకకుండా బంతిని కొట్టండి. పదిలో ఎనిమిది సార్లు కుదిరాక బెత్తెడు దూరానికి జరపండి. గేలం విసిరేవాళ్లకూ ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

(ఈ) తొమ్మిది నుంచి మూడు. గడియారంలో ముల్లులా ఎడమ చేయి తొమ్మిది దగ్గర నుంచి మొదలై, అవతల మూడు దగ్గర ఆగాలి. ఆగినప్పుడు ఎడమ మోచేయి తిన్నగా ఉందా, ఛాతీ లక్ష్యం వైపు చూస్తోందా, ఇవి రెండే చూసుకోండి. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యాసంలో ఒక్క డ్రిల్ మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

7. హుక్ పడేవాళ్లకు

ముందు గ్రిప్. నాలుగు మెటికలు కనిపిస్తుంటే రెండుకు తగ్గించండి, చాలామందికి ఇక్కడే అయిపోతుంది. తగ్గకపోతే రెండు చేతుల మధ్య బెత్తెడు ఖాళీ వదిలి క్లబ్ పట్టుకుని మెల్లగా సగం స్వింగ్‌లు చేయండి. కుడి చేయి ఎడమ చేతి మీదుగా ఎంత దూకుడుగా దొర్లుతోందో ఇలా పట్టుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. బంతి దాటాక కుడి అరచేయి వెంటనే నేలను చూడకుండా, కాసేపు లక్ష్యం వైపు చూస్తూ ఉండేలా ప్రయత్నించండి. నడుము ఆగితే చేతులు దొర్లుతాయి, ఇదీ ఫ్లిప్‌కు చుట్టమే.

డ్రైవర్, చిప్, పట్ సంగతి

డ్రైవర్‌లో బంతి టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద, ఎడమ మడమకు ఎదురుగా ఉంటుంది, క్లబ్ కొద్దిగా పైకి లేస్తూ తాకితే మంచిది. అందుకే ఐరన్‌లో లాగా చేతులను బాగా ముందుకు నెట్టాలని చూడకండి. ఐరన్‌తో కుదిరిన రెండు వారాల తర్వాతే డ్రైవర్ తీయండి. చిప్‌లో కోణం చాలా తక్కువ, కానీ ఎడమ మణికట్టు విరగకూడదన్న సూత్రం అదే. పట్‌లో, అంటే బంతిని రంధ్రంలోకి దొర్లించేటప్పుడు, మణికట్టు పని దాదాపు లేదు.

అందరూ చేసే పొరపాట్లు

ఒకే రోజు నాలుగు డ్రిల్స్ చేయడం. వద్దు. వారానికి ఒక తప్పు, దానికి ఒక డ్రిల్, మహా అయితే రెండు.

డ్రిల్స్ మాత్రమే చేస్తూ మామూలుగా ఒక బంతి కూడా కొట్టకపోవడం, లేదా డ్రిల్ రెండు సార్లు చేసి బుట్ట బంతులన్నీ పాత పద్ధతిలో బాదేయడం. బంతి లేకుండా మూడు నెమ్మది స్వింగ్‌లు, తర్వాత బంతితో ఒకటి. ఈ లెక్క పెట్టుకుంటే బంతులు తక్కువ ఖర్చవుతాయి, పని ఎక్కువ జరుగుతుంది.

మ్యాట్‌ను (ప్రాక్టీస్ రేంజ్‌లో పరిచే కృత్రిమ గడ్డిని) నమ్మడం. మ్యాట్ మీద బంతి వెనక రెండు అంగుళాల దూరంలో తగిలినా క్లబ్ జారి బంతిని బాగానే కొడుతుంది. షాట్ బాగుందని మనం సంబరపడతాం. గడ్డి మీదకు వెళ్లగానే రంగు బయటపడుతుంది. మ్యాట్ తప్ప గతి లేకపోతే టవల్ డ్రిల్ తప్పకుండా వాడండి.

నొప్పితో ఆడటం. కండరాల అలసట వేరు, నొప్పి వేరు. ఎడమ అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు దగ్గరగా, గ్రిప్ చివర ఒత్తుకునే చోట నొప్పి వచ్చి పట్టు సడలుతుంటే ఆట ఆపి డాక్టర్‌కు చూపించండి. అక్కడ ఉండే చిన్న కొక్కెం లాంటి ఎముక విరగడం గోల్ఫ్ ఆడేవాళ్లలో జరిగేదే, మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా, అందుకని గోల్ఫ్ ఆడతానని డాక్టర్‌కు మీరే చెప్పండి. బొటనవేలి మొదట్లో నొప్పి, మోచేయి లోపలివైపు నొప్పి కూడా అంతే, సాధనతో పోవు, విశ్రాంతితో పోతాయి.

ఇంకొకటి, పోటీ ఆడేవాళ్లకు: రౌండ్ మధ్యలో అలైన్‌మెంట్ స్టిక్ పట్టుకుని ప్రాక్టీస్ స్వింగ్ చేశారంటే గోల్ఫ్ నియమాల్లో 4.3 ప్రకారం పెనాల్టీ పడుతుంది, రెండోసారి చేస్తే ఏకంగా అనర్హత. కర్ర, దువ్వెన, టవల్ ప్రయోగాలన్నీ రేంజ్‌లోనే ముగించుకుని వెళ్లండి.

బాగుపడుతోందా లేదా, ఎలా తెలుస్తుంది?

షాట్ ఎంత దూరం పోయిందన్నది మొదటి రెండు వారాలు కొలమానం కాదు. వీటిని చూడండి.

గీత పరీక్ష. నేల మీద లక్ష్యానికి అడ్డంగా ఒక గీత గీయండి, ప్రాక్టీస్ బంకర్ ఇసుకలో అయితే ఇంకా సులువు. బంతి లేకుండా, ఆ గీతే బంతి అనుకుని పది స్వింగ్‌లు చేయండి, ప్రతిసారీ కాస్త పక్కకు జరుగుతూ. మచ్చలన్నీ గీత మీదా గీతకు ముందూ మొదలవ్వాలి. వెనక మొదలైనవి ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. మొదటి రోజు ఏడు ఉండి, రెండు వారాలకు మూడుకు దిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

మార్కర్ పరీక్ష. బంతి వెనక వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొట్టండి, ఫేస్ మీద మచ్చ అంటుకుంటుంది. మచ్చలు ఒకేచోట గుంపుగా పడుతున్నాయా, ఫేస్ అంతా చల్లినట్టు పడుతున్నాయా చూడండి. మణికట్టు కుదురుకునేకొద్దీ గుంపు దగ్గరవుతుంది. ఫేస్ మడమ వైపు, అంటే హోసెల్ వైపు, మచ్చలు పెరుగుతుంటే ల్యాగ్ బిగబడుతున్నారేమో చూసుకోండి.

చివరగా వీడియో. మొదటి రోజు ఫోన్ పెట్టిన చోటే, అదే ఎత్తులో, అదే క్లబ్‌తో మళ్లీ పది షాట్లు తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. ఒక సంగతి ముందే చెబుతున్నాను: మీకు "మరీ ఎక్కువ మార్చేశాను" అనిపించినప్పుడు వీడియోలో కనిపించే తేడా వేలెడంత ఉంటుంది. అది చూసి నీరుగారిపోకండి, అందరికీ అంతే. వేలెడంత కూడా కనిపించకపోతే డ్రిల్ మార్చే ముందు రెండో మెట్టుకు వెనక్కి వెళ్లి గ్రిప్ చూసుకోండి, చాలాసార్లు మనకు తెలియకుండానే క్లబ్ మళ్లీ అరచేతిలోకి జారిపోయి ఉంటుంది.